వాతావరణ మార్పు ఎవరికెంత తెలుసు: జపాన్ నుంచి జహీరాబాద్ దాకా

2007-08లో గ్యాలప్ సంస్థ వందకు పైగా దేశాల్లో ఒక ప్రశ్న వేసింది. గ్లోబల్ వార్మింగ్, అంటే వాతావరణ మార్పు గురించి మీకెంత తెలుసు? జపాన్‌లో 99 శాతం మంది, అమెరికాలో 97 శాతం మంది ఎంతో కొంత తెలుసన్నారు. మన దేశంలో ఆ మాట అన్నవాళ్లు 35 శాతమే. ఆ సర్వే నుంచి 119 దేశాల లెక్కలు తీసుకుని చేసిన పరిశోధన 2015లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ పత్రికలో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో 40 శాతం మంది ఆ పేరే వినలేదనీ, భారత్, బంగ్లాదేశ్, ఈజిప్టు లాంటి దేశాల్లో అలాంటివాళ్లు 65 శాతానికి పైనే ఉన్నారనీ అందులో తేలింది.

ఇది చదివి మనవాళ్లకేం తెలీదని తేల్చేయడం చాలా తేలిక. కానీ అదే 2015లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఇంకో సర్వే చేసింది. వాతావరణ మార్పు చాలా తీవ్రమైన సమస్య అన్నవాళ్లు భారత్‌లో 76 శాతం, అమెరికాలో 45 శాతం, చైనాలో 18 శాతం. రెండు సర్వేలకూ మధ్య ఏడెనిమిదేళ్ల తేడా ఉంది, అడిగిన ప్రశ్నలూ వేరు. కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి లెక్కలు కట్టడానికి లేదు. అయినా ఎక్కువమంది పేరే వినని చోట ఇంత ఆందోళన ఎక్కణ్నుంచి వచ్చింది? దాదాపు అందరూ విన్న అమెరికాలో అంత తాపీ ఏమిటి?

చిక్కంతా ‘అవగాహన’ అని ఒకే మూటగా కట్టేయడంలో ఉంది. పేరు వినడం ఒక సంగతి. ఎండల్లో, వానల్లో వచ్చిన తేడాను ఒంటి మీద పసిగట్టడం వేరే సంగతి. ఆ తేడాకు బొగ్గు, పెట్రోలు మండించడమే ప్రధాన కారణమని తెలియడం ఇంకొకటి. ఒక ప్రాంతంలో ఒకటి పుష్కలంగా ఉంటుంది, మరో ప్రాంతంలో మరొకటి. ఏ సర్వే దేన్ని కొలిచిందన్నదాన్ని బట్టి ‘తెలిసినవాళ్లు’ మారిపోతుంటారు. హైదరాబాద్‌లో ఈ మూడూ ఒకే ఊళ్లో, పక్కపక్క కాలనీల్లో, విడివిడిగా కనిపిస్తాయి.

పేరు బడిలో దొరుకుతుంది

పేరు విన్నారా లేదా అన్నదాన్ని ప్రపంచమంతటా అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది చదువేనని ఆ 2015 పరిశోధన చెప్పింది. ఆ తర్వాతి కారణాలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో చదువుతో పాటు పౌర కార్యకలాపాల్లో పాల్గొనడం, మీడియా అందుబాటు. చైనాలో నగరానికి ఎంత దగ్గరగా ఉంటారు, ఇంటి ఆదాయం ఎంత అన్నవి. ఆఫ్రికాలో ఆఫ్రోబారోమీటర్ సర్వేలు చూసినా వాతావరణ మార్పు మాట విన్నవాళ్లు దాదాపు సగం మందే. కరువులు, వరదలు అక్కడివాళ్లకు కొత్త కాదు. వాటికి పెట్టిన పేరే వాళ్ల దాకా వెళ్లలేదు.

పేరు తెలిసినంత మాత్రాన ఒరిగేది ఎంత అన్నది ఇంకో ప్రశ్న. గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ జంక్షన్ తెలియని ఆటోవాలా ఉండడు. 2012 అక్టోబరులో జీవవైవిధ్యంపై ఐక్యరాజ్యసమితి సదస్సు హైదరాబాద్‌లో జరిగింది, ఆ సందర్భంగా ఒక పార్కు వెలిసింది, ఆ పేరే జంక్షన్‌కు పడింది. ఇవాళ ఆ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లైఓవరూ, సాయంత్రం ఆరింటి ట్రాఫిక్కూ. జీవవైవిధ్యం మీద అక్కడ సర్వే చేసి ‘విన్నారా’ అని అడిగితే నూటికి నూరు వస్తాయేమో.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు మన దేశంలో చేసిన సర్వేలు ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో చేసినదాంట్లో గ్లోబల్ వార్మింగ్ గురించి బాగా తెలుసన్నవాళ్లు 10 శాతమే. కొద్దిగా తెలుసు లేదా అసలు వినలేదు అన్నవాళ్లు 54 శాతం. అప్పుడు ఒక చిన్న వివరణ ఇచ్చారు. గత 150 ఏళ్లుగా భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుతోంది, ఇకపైనా పెరగొచ్చు, దానివల్ల వాతావరణం మారొచ్చు అని. అది విన్నాక ‘అవును, ఇది జరుగుతోంది’ అన్నవాళ్లు 91 శాతం.

ఈ 91ని నేను పూర్తిగా నమ్మను. పని మానుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు అవతలి మనిషి ఇంత వివరంగా చెప్పాక ‘కాదు’ అనడం మనకు అలవాటు లేదు. కొంత మర్యాద, కొంత ‘తొందరగా కానివ్వండి’ కూడా అందులో ఉండి ఉంటుంది. దాన్ని తీసేసినా తేడా పెద్దదే. అంటే అనుభవం ముందే ఉంది, దానికి తగిలించాల్సిన పేరు మాత్రం రాలేదు.

మరి కారణం? మనుషుల పనుల వల్లేనని 52 శాతం, ప్రకృతిలో సహజంగా వచ్చే మార్పులేనని 38 శాతం అన్నారు. అమెరికాలో ఇది ఇంకోలా ఉంటుంది. 2007-08లో అక్కడ 97 శాతం మందికి పేరు తెలుసు, మనుషులే కారణం అన్నవాళ్లు మాత్రం సగానికి కాస్త తక్కువ. అక్కడ ఆ ప్రశ్న పార్టీ జెండాకు అంటుకుపోయింది. ఏ పార్టీకి ఓటేస్తారో చెబితే జవాబు చాలావరకు ఊహించొచ్చు. మన దగ్గర ఇంకా ఆ రోగం రాలేదు. ఎన్నికల సభల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి రాలేదంతే, అందులో మన గొప్పేమీ లేదు.

ఒంటి మీది ఎండ

అదే 2015 పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. వాతావరణ మార్పును ప్రమాదంగా చూడటానికి యూరప్‌లో, లాటిన్ అమెరికాలో ప్రధాన కారణం అది మనుషుల వల్ల వచ్చిందన్న ఎరుక. ఆసియా, ఆఫ్రికాల్లోని చాలా దేశాల్లో మాత్రం తమ ఊళ్లో ఎండ మారిందన్న అనుభవం. యూరప్, లాటిన్ అమెరికావాళ్లు బుర్రతో భయపడుతున్నారు, మనం ఒంటితో.

పొద్దున ఏడింటికి హైదరాబాద్‌లో ఏ కూలీల అడ్డా మీదకైనా వెళ్లి మే నెలలో ఎండల గురించి కదపండి. ‘పోయినేటి లెక్క లేదన్నా, పొద్దుగాల తొమ్మిదింటికే మంట పుడుతున్నది’ లాంటి మాట తప్పక వినిపిస్తుంది. గ్యాలప్ ప్రశ్నకు మాత్రం ఆ మనిషి ‘వినలేదు’ అనే చెప్తాడు. అతని ఇల్లు బస్తీలో రేకుల ఇల్లు అయితే అసలు పరీక్ష రాత్రి మొదలవుతుంది. పగలంతా కాగిన రేకు పొద్దుగూకిన చాలాసేపటికి గానీ చల్లారదు. ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడిగాలి కిందికి తోస్తుంది. గోనె సంచులు తడిపి రేకుల మీద పరుస్తారు, నీళ్లు కొడతారు. ట్యాంకర్ వచ్చే రోజైతేనే. పిల్లల్ని మాత్రం గుమ్మం బయట పడుకోబెడతారు. సున్నం కొడితే చల్లగా ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ సారాంశం ఆ సున్నమే. హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్ల మేర పైకప్పుల్ని ఎండను వెనక్కి కొట్టేలా మార్చాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. ఆ పాలసీ పేరు తెలిసినవాళ్లలో ఎక్కువమందికి దాని అవసరం లేదు, అవసరం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పేరు తెలీదు.

ఊరికి పడమటి వైపు దీనికి సరిగ్గా తలకిందులు. ఏసీ ఫ్లాటు, ఏసీ కారు, ఏసీ ఆఫీసు. కార్బన్ ఫుట్‌ప్రింట్, నెట్ జీరో అన్న మాటలు నోటి మీదుంటాయి, కంపెనీలో దాని మీద ట్రైనింగ్ కూడా అయి ఉంటుంది. పార్కింగ్ నుంచి లిఫ్ట్ దాకా నడిచేటప్పుడు మాత్రమే ఎండ తగులుతుంది. వెక్కిరింపుగా అనడం లేదు, నా పరిస్థితీ దాదాపు అంతే. ఒకే నగరంలో పేరు తెలిసినవాళ్లకు ఎండ తెలీదు, ఎండ తెలిసినవాళ్లకు పేరు తెలీదు. జిల్లా సగటో రాష్ట్ర సగటో తీసి హైదరాబాద్‌లో ఇంత శాతం అని చెబితే ఈ ఇద్దరూ కలిసిపోయి ఎవరూ కాని ఒక మనిషి తయారవుతాడు.

మన దగ్గర వార్తలు చెప్పే తీరు కూడా ఈ తెగిన ముడిని కలపదు. మే వచ్చిందంటే ‘భానుడి భగభగ’, ‘నిప్పులు చెరుగుతున్న సూర్యుడు’, ‘నిప్పుల కొలిమిలా రాష్ట్రం’. నేరమంతా సూర్యుడిదే. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశంలో అత్యంత వేడి సంవత్సరం 2024 అని వాతావరణ శాఖ ప్రకటిస్తే అది లోపలి పేజీలో చిన్న వార్త. నిమ్మరసం తాగండి, గొడుగు పట్టుకెళ్లండి అన్న సలహాలకు దక్కినంత చోటు కూడా దానికి దక్కలేదు.

కోస్తా, సీమ, సింగరేణి

తెలుగు నేల మీద కాస్త అటూ ఇటూ తిరిగితే తేడాలు ఇంకా బాగా తెలుస్తాయి.

కోస్తాలో తుపాను చదువు ఇంటింటికీ ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను పెకలించింది. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఏమిటో, పదో నంబరంటే ఏమిటో మత్స్యకార కుటుంబాల్లో పిల్లలకూ తెలుసు. ఇది చాలా విలువైన అవగాహన, ప్రాణాలు కాపాడింది కూడా. అయితే అది రాబోయే తుపాను గురించిన ఎరుక. సముద్రం వేడెక్కి తుపాన్లు త్వరగా బలం పుంజుకోవడం అనే సంగతి దాంట్లోకి ఇంకా పూర్తిగా చేరలేదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతోందని ఊరందరికీ తెలుసు, కారణం అడిగితే తలో మాట చెబుతారు. నిజానికి తీరం కోతకు కారణాలు చాలా ఉంటాయి. రేవు కట్టడాలు అలల దారి మార్చడం, ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, సముద్రమట్టం పెరగడం. కాబట్టి వాళ్ల తలో మాటలో తప్పేం లేదు.

రాయలసీమ కథ వేరు. అనంతపురం దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. కరువు అక్కడ తరతరాల చుట్టం. ఎప్పుడూ కష్టంగానే ఉన్న చోట ఇప్పుడు కొత్తగా ఏం మారిందో చెప్పడం కష్టం. వేరుశనగ ఎండిపోతే ‘ఈ ఏడూ ఇంతే’ అనిపిస్తుంది తప్ప ‘ఇది మునుపటి కరువు కాదు’ అనిపించదు. హైదరాబాద్‌కు ఆ ఇబ్బంది లేదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన పీఠభూమి మీద ఉన్న ఊరు, చల్లటి సాయంత్రాలకు పేరు. ‘మా చిన్నప్పుడు ఫ్యాన్ కూడా అక్కర్లేదు’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. మార్పు కనిపించాలంటే పాత హాయి గుర్తుండాలి, అది ఇక్కడ బాగా గుర్తుంది.

ఇక బొగ్గు ఊళ్లు. వేసవిలో తెలంగాణ ఉష్ణోగ్రతల పట్టిక చూస్తే రామగుండం, కొత్తగూడెం పేర్లు తరచూ పైనే ఉంటాయి. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన ఎండ ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కారణం బొగ్గు అని ఆ ఊళ్లో చెప్పి చూడండి. సింగరేణి జీతాలు, దసరాకు వచ్చే లాభాల వాటా, దాని మీద బతికే కిరాణా కొట్టు దాకా అన్నీ బొగ్గే. ప్రపంచంలో ఏ బొగ్గు ప్రాంతంలోనైనా ఈ మాట గొంతు దాటడం కష్టం. పైగా ఆ బొగ్గుతో వచ్చిన కరెంటు నడిపేది హైదరాబాద్ ఏసీలను. ఆ ఏసీల కింద కూర్చుని బొగ్గు ఊళ్లకు అవగాహన లేదనడానికి కొంత ధైర్యం కావాలి.

పేరు తెలియకుండానే పని మొదలుపెట్టిన వాళ్లు హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత చిన్న రైతులు, దశాబ్దాలుగా జొన్న, కొర్ర, సామ, కంది లాంటివి కలిపి ఒకే చేలో వేస్తున్నారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంస్థకు వచ్చింది. వాన ముందొచ్చినా వెనకొచ్చినా పది పంటల్లో నాలుగైనా చేతికొస్తాయన్నది వాళ్ల లెక్క. 2007-08 సర్వే వాళ్లు ఆ ఊళ్లకు వెళ్లుంటే ఈ అక్కల్లో చాలామంది ‘వినలేదు’ గడిలో పడేవారు.

రైతుకు ఎక్కడైనా క్యాలెండర్ కార్తెలే. రోహిణి కార్తెలో రోళ్లు పగలాలి, మృగశిరకు చినుకు పడాలి. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళ తాకాయి, నెలాఖరులోపే తెలంగాణలోకి వచ్చేశాయి. రోళ్లు పగలాల్సిన రోజుల్లో వాన కురిసింది. తర్వాత జూన్ సగం దాకా రుతుపవనాల కదలిక ఆగిపోయింది. ఒక్క ఏడాది చూసి ఇది వాతావరణ మార్పేనని తీర్పు చెప్పడం శాస్త్రం కాదు. కానీ ‘కార్తెలు తప్పుతున్నయ్’ అని రైతు ఏటా అంటుంటే అది ఊసుపోని కబురు కాదు, సమాచారం. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) ఇలాంటి సమాచారం మీదే పనిచేస్తుంది. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం కోసం 2011లో మొదలైన జాతీయ ప్రాజెక్టు నడిచేది అక్కణ్నుంచే. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్, ప్రగతినగర్‌లో దేశానికంతటికీ సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ కూడా మన ఊళ్లోనే ఉన్నాయి. సముద్రం లేని ఊళ్లో సముద్రం గురించిన కేంద్రం ఉందన్న సంగతి ఎంతమంది నగరవాసులకు తెలుసో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి.

వరద వస్తే ఎవరిని తిడతాం

కారణం తెలియడం ఎందుకంత కష్టమో హైదరాబాద్ వరదల్లో చూడొచ్చు. 2020 అక్టోబరు 13న బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి ఇటు వచ్చింది. ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువు కట్టలు తెగాయి, పాతబస్తీలో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఊరంతా ఒకటే మాట: నాలాలు కబ్జా చేశారు, చెరువులు పూడ్చేశారు.

అది ముమ్మాటికీ నిజం. అయితే అదొక్కటే నిజం కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. కురిసినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64 సెంటీమీటర్లకు పైగా పడింది, తెలంగాణలో అది రికార్డు. అక్కడ పూడ్చడానికి అపార్ట్‌మెంట్లేమీ లేవు. మళ్లీ అటు కొసకూ పోనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు రోడ్ల మీద ఇన్ని కార్లు లేవు, ఏసీలు లేవు. ఆ దెబ్బకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. కుండపోత ఈ నగరానికి కొత్త కాదు. కొత్తదేమిటంటే అలాంటి వానలు పడే అవకాశం పెరగడం, పడితే నీళ్లు పోవడానికి దారి లేకపోవడం. రెండూ కలిశాయి.

కబ్జాదారుకు ముఖం ఉంది, పేరుంది, తిట్టడానికి వీలుంది. బొగ్గు, పెట్రోలు మండితే వచ్చి భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌కు అవేవీ లేవు. అందుకే మన పర్యావరణ స్పృహ చెరువు, చెట్టు దగ్గర చాలా గట్టిగా ఉంటుంది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం, 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం జనం కదిలారు, రెండోది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మట్టి వినాయకుణ్ని పెట్టడం ఇవాళ చాలా ఇళ్లలో మామూలైపోయింది. వాతావరణ మార్పు గురించి ఏం చేస్తున్నారని అడిగితే ప్లాస్టిక్ వాడటం మానేశామని చెప్పేవాళ్లూ ఎక్కువే. మంచిదే, కానీ గాలిలో కార్బన్ లెక్కకు అసలు బరువు కరెంటు, బండి, సిమెంటు దగ్గరుంది. వాటి జోలికి పోతే మన ఖర్చులు, అలవాట్లు, ప్రభుత్వాల ఆదాయాలు కదులుతాయి. అక్కడే అందరం మాట మారుస్తాం.

ప్రభుత్వానికి ఎంత తెలుస్తుంది

అవగాహన అనగానే జనాన్ని కొలుస్తాం. కొలిచేవాళ్ల కొలమానం ఎలా ఉందో కూడా చూడాలి. మైదాన ప్రాంతాల్లో వడగాడ్పు అని ప్రకటించాలంటే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, ఆ రోజు సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి. లేదా 45 తాకాలి. హైదరాబాద్‌లో మే నెల సాధారణమే 39 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 42 వచ్చినా ఆ లెక్కలో వడగాడ్పు కాదు. రేకుల ఇంట్లో రాత్రి ఎంత ఉందో, గాలిలో తేమ ఎంతో ఆ లెక్కలోకి రావు. అలా కాగితం మీద ప్రశాంతంగా గడిచిపోయిన రోజుల్లో కూడా మనుషులు పడిపోతుంటారు.

2015 వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఆ డబ్బు రావాలంటే చావుకు కారణం వడదెబ్బేనని అధికారులు నిర్ధారించాలి. ఇంట్లో మధ్యాహ్నం పడుకున్న మనిషి సాయంత్రానికి లేవకపోతే ఎక్కువ కుటుంబాలు గుండెపోటు అనుకుని దహనమో ఖననమో చేసేస్తాయి. ఎండ కూడా కారణం కావచ్చనీ, వెంటనే ఆసుపత్రికో పోలీసులకో చెప్పాలనీ చాలామందికి తెలీదు. చెప్పని చావు లెక్కలోకి రాదు. లెక్క తక్కువొస్తే ఈ ఏడు ఎండలు పెద్దగా లేవని రిపోర్టు వస్తుంది, మరుసటి వేసవికి పెట్టే నిధులూ ఆ రిపోర్టు చూసే పెడతారు.